ఈ వారం కూరల పెట్టెలో కీరదోస లేదు

ఒక్క ఈ వారమే కాదు, కొత్త పాదులు కాపుకొచ్చేదాకా, అంటే దాదాపు ఏడు వారాలు, కీరదోస ఇవ్వలేను. పాత పాదులకు తెగులు తగిలింది. అది ఏ తెగులో గుర్తుపట్టడంలో నేనే పొరబడ్డాను.

మొదట ఆకుల మీద పసుపు మచ్చలు కనిపించాయి. పక్క మడిలో గుమ్మడికి అప్పటికే బూడిద తెగులు ఉంది, ఆకంతా పిండి చల్లినట్టు. ఇదీ అదే, ఇంకా తెల్లబడలేదంతే అనుకుని గంధకం కొట్టేశాను. ఒక్క ఆకు తిప్పి చూస్తే సరిపోయేది, చూడలేదు. వారం తిరిగేసరికి మచ్చలు మడంతా పాకాయి. పైగా 32 డిగ్రీలు దాటిన ఎండలో గంధకం కీరదోస ఆకును కాలుస్తుంది, అంచులు మాడాయి.

అప్పుడు తీరిగ్గా చూశాను. మచ్చలు గుండ్రంగా లేవు. ఈనె తగలగానే గట్టు కట్టినట్టు ఆగిపోయి, పలకలు పలకలుగా ఉన్నాయి. రెండు ఆకులు కోసి, తడి కాగితంతో కవర్లో పెట్టి రాత్రంతా ఉంచాను. పొద్దున్నే తిప్పితే, సరిగ్గా మచ్చల కిందే ఊదా చాయ కలిసిన బూడిదరంగు నూగు! బూడిద తెగులైతే తెల్లటి పొడి ఆకు పైన కూడా కనిపిస్తుంది, వేలితో రుద్దితే అంటుకుంటుంది. ఇది బూజు తెగులు. పేర్లు అక్కచెల్లెళ్లలా ఉన్నా రెంటికీ చుట్టరికం లేదు. బూజు తెగులు తెచ్చే సూడోపెరోనోస్పోరాను వాడుకలో శిలీంధ్రమే అంటాం గానీ, నిజానికి అది ఊమైసీట్ల జాతి, అంటే శిలీంధ్రంలా కనిపించే వేరే రకం సూక్ష్మజీవి. గంధకానికి లొంగదు.

దీనికి వేరే మందులున్నాయి. కానీ రోజు విడిచి రోజు కాయ కోసే పంట, మందు కొట్టాక ఆగాల్సిన రోజులు ఆగలేను. అందుకే పాదులు పీకేశాను. ఇది బతికున్న ఆకు మీదే బతుకుతుంది గనుక నేలలో మిగిలిపోతుందన్న బెంగ లేదు, గాలికి మళ్లీ రావచ్చు, అంతే.

ఈ తెగులు అంటుకోవడానికి తడి ఆకు కావాలి. సాయంత్రాలు స్ప్రింక్లర్ పెట్టి ఆకుల్ని రాత్రంతా తడిగా ఉంచిందీ నేనే. కొత్త విత్తనం ఎడంగా వేశాను, నీళ్లు పొద్దున్నే, మొదళ్లకే.

పోయిన వారం కాయలు తినొచ్చు. ఈ తెగులు ఆకులది, కాయకు పట్టదు, మనుషులకూ సోకదు. గంధకం కొట్టిన తోటవి కాబట్టి బాగా కడగండి. ముందే డబ్బు కట్టినవాళ్లు వేరే కూర కావాలో, డబ్బు వెనక్కి కావాలో ఒక్క మాట చెప్పండి.