ఆయనకు హిందీ వచ్చు, ఆవిడకు రాదు: రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ

రక్షణ మంత్రి గారికి,

నమస్కారం. సైన్యంలో 17 ఏళ్లు క్లర్కుగా పనిచేసి హవల్దారుగా రిటైరైనవాణ్ణి. ఎవరైనా తన ఇబ్బంది గురించి కేంద్రంలోనైనా రాష్ట్రంలోనైనా ఏ అధికారికైనా అక్కడ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నవించుకోవచ్చని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతోంది కాబట్టి, హిందీ, ఇంగ్లీషు రాని సైనిక కుటుంబాల పెన్షన్ కష్టాల గురించి ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. నిజం చెప్పాలంటే ఇన్నేళ్లలో నేనెప్పుడూ ఈ హక్కు వాడుకోలేదు. ఇంగ్లీషులో రాస్తేనే ఫైలు కదులుతుందని నాకు తెలుసు. అవతలి కుర్చీలో ఒకప్పుడు కూర్చున్నది నేనే.

మా వీధిలో నాకు అక్క వరసయ్యే ఒకావిడ ఉంది. భర్త సైన్యంలో నాయక్‌గా రిటైరయ్యాడు. ఆయన బతికున్నన్నాళ్లూ పెన్షన్ పనులన్నీ ఆయనే చూసుకున్నాడు. పెన్షన్ ఎక్కడి నుంచి వస్తుందో, కాగితాలు ఏ పెట్టెలో ఉన్నాయో కూడా ఆవిడకు తెలియదు. ఆయన పోయాక కుటుంబ పెన్షన్ చేతికి రావడానికి 14 నెలలు పట్టింది. మొదట్లో ఎవరో స్పర్శ్‌లో, అంటే రక్షణ శాఖ పెన్షన్ల ఆన్‌లైన్ వ్యవస్థలో, చూసుకోమంటే, అదేదో ఆస్పత్రి పథకం అనుకుందట పాపం.

ఆలస్యానికి కారణం ఆవిడ పేరులో ఒక హెచ్. జవాను పెళ్లయ్యాక భార్య పేరు పార్ట్ టూ ఆర్డర్‌లో, అంటే సర్వీసు రికార్డుకు ఆధారమైన యూనిట్ ఉత్తర్వులో, ఎక్కించాలి. అతను నోటితో చెబుతాడు, క్లర్కు తనకు వినపడినట్టు ఇంగ్లీషులో టైపు చేస్తాడు. మనం ‘త’ అనే అక్షరానికి టీ, హెచ్ రెండూ పెడతాం. ఉత్తరాది క్లర్కు ఒట్టి టీ పెడతాడు. ఆధార్ కార్డు ఇక్కడ తీసుకున్నది కాబట్టి అందులో హెచ్ ఉంది, సర్వీసు రికార్డులో లేదు. నేనూ తక్కువ తినలేదు లెండి. రాజస్థాన్ జవాన్ల భార్యల పేర్లకు అక్కర్లేని హెచ్‌లు ఎన్ని తగిలించానో! వాళ్లిప్పుడు ఏ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారో.

దీనికి తోడు ఇంటిపేరు గొడవ. మనకు ఇంటిపేరు ముందుంటుంది, ఫారంలో అడిగేది లాస్ట్ నేమ్. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటే, రికార్డులో ఒక్క పొడి అక్షరం ఉంటుంది, బ్యాంకు పాస్‌బుక్కులో అదీ ఉండదు. పక్కింటివాళ్లను అడిగితే మూడూ ఒకే మనిషివని క్షణంలో చెబుతారు. కంప్యూటరు మాత్రం ముగ్గురు ఆడవాళ్లను చూస్తుంది. ఇక నోటరీ, అఫిడవిట్, పేపర్లో ప్రకటన. ఆ అఫిడవిట్ ఇంగ్లీషులో ఉంటుంది, తనేం ఒప్పుకుంటోందో తెలియకుండానే ఆవిడ కింద సంతకం పెట్టింది.

మధ్యలో ఒక ఆఫీసు నుంచి మూడు ఉత్తరాలు వచ్చాయి. అర్థం కాక, భర్త సైన్యం నుంచి తెచ్చుకున్న నల్ల ట్రంకు పెట్టెలో భద్రంగా దాచిపెట్టింది. నేను చూసేసరికి, ఫలానా పత్రం 30 రోజుల్లో పంపమన్న ఉత్తరానికి నాలుగు నెలలు నిండాయి. ఫైల్లో మాత్రం ‘దరఖాస్తుదారు నుంచి సమాధానం లేదు’ అని ఉంటుంది. ఆ మాట నేనూ చాలా ఫైళ్లలో రాశాను.

సైన్యంలో చేరిన తెలుగు కుర్రాడికి ట్రైనింగులోనే హిందీ పట్టుబడుతుంది. తిట్లతో సహా. మిలిటరీ మాధవారం లాంటి ఊళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ హిందీలో దంచేస్తారు. అతని భార్య మాత్రం ఊళ్లోనే ఉండి పిల్లల్ని, అత్తమామల్ని, పొలాన్ని చూసుకుంటుంది. కుటుంబ పెన్షన్ దరఖాస్తు అతను చేసేది కాదు కదా, అతను పోయాక ఆమె చేసేది. మన ఏర్పాటంతా హిందీ, ఇంగ్లీషు వచ్చిన మగవాడు ఎదురుగా ఉన్నాడనుకుని తయారైంది.

వైకల్య పెన్షన్‌ది ఇంకో రకం బాధ. జబ్బు సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరలేదు అని మెడికల్ బోర్డు రాస్తే ఆ పెన్షన్ రాదు; దాన్ని మా క్లర్కుల భాషలో, ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు కలిపి, ‘నానా’ అంటారు. చేరినప్పుడు ఆరోగ్యంగా ఉన్న సైనికుడికి తర్వాత వచ్చిన జబ్బు సర్వీసు వల్ల కాదని నిరూపించాల్సిన భారం ప్రభుత్వానిదేనని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. ఈ ముక్క తెలిసినవాడు అప్పీలుకు వెళతాడు. తిరస్కరణ ఉత్తరమే చదువుకోలేనివాడికి తెలిసేదెలా? చివరి ఉత్తర్వు వచ్చాక సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి ఉండేది ఆరు నెలలు. అది కూడా ఆ ట్రంకు పెట్టెలోనే గడిచిపోతుంది.

స్పర్శ్‌ను తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. 30 లక్షలకు పైగా పెన్షనర్ల లెక్కలు ఒక్కచోటికి తేవడం చిన్న పని కాదు. వెనకటిలా బ్యాంకువాడిని బతిమాలకుండా నా పెన్షన్ స్లిప్పు నేనే ఫోన్లో చూసుకుంటున్నాను. అయితే నాకు ఇంగ్లీషు వచ్చు.

కెనడాలో మాజీ సైనికుల వైకల్య దరఖాస్తులు 16 వారాల్లో తేల్చాలని ప్రమాణం పెట్టుకున్నారు. అక్కడి ఆడిటర్ జనరల్ 2022లో లెక్క తీస్తే మొదటిసారి పెట్టుకున్న దరఖాస్తుల్లో సగానికి 39 వారాలో అంతకు మించో పడుతోందని తేలింది. ఫ్రెంచి మాట్లాడేవాళ్లు, మహిళలు ఇంకా ఎక్కువ కాలం ఆగాల్సి వస్తోందని కూడా తేలింది. ఫ్రెంచి అక్కడ సాక్షాత్తూ అధికార భాష, అయినా అంతే. వాళ్లు గొప్పవాళ్లని ఈ మాట చెప్పడం లేదు, ఆ తేడాను కొలిచారని చెబుతున్నాను. కుటుంబ పెన్షన్, వైకల్య పెన్షన్ దరఖాస్తులు ఏ రాష్ట్రం నుంచి వచ్చినవి సగటున ఎన్ని రోజులు ఆగాయో, పేరు తేడా వల్ల ఎన్ని వెనక్కి వచ్చాయో మీరూ లెక్క తీయించి బయట పెట్టండి. అన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి, తీయడానికి నాబోటి ఇద్దరు క్లర్కులు చాలు.

అది అయ్యేలోపు చేయగలిగిన పనులూ ఉన్నాయి. గడువు ఉన్న ప్రతి ఉత్తరంతో పాటు దరఖాస్తుదారు భాషలో ఒక పేజీ పంపండి, ఏం అడుగుతున్నారో, ఏ తేదీలోగా ఇవ్వాలో ఉంటే చాలు. ఆమె చదవగలిగిన ఉత్తరం అందిన రోజు నుంచే గడువు లెక్కపెట్టండి. ఒకటి రెండు అక్షరాల తేడా అయితే జిల్లా సైనిక సంక్షేమ అధికారి మనిషిని చూసి సంతకం చేస్తే సరిపోయేట్టు ఉత్తర్వు ఇవ్వండి. అఫిడవిట్ల వ్యాపారం కొంచెం తగ్గుతుంది, నోటరీలు నన్ను తిట్టుకుంటారు, పర్లేదు.

దీనికి జవాబు పంపితే దయచేసి తెలుగులో పంపండి. ఇంగ్లీషులో వస్తే మా అక్క మళ్లీ నా చేతికే ఇచ్చి చదవమంటుంది.

ఇట్లు,
ఒక మాజీ హవల్దార్ (క్లర్క్)