కారుకు అదనపు లైట్లు: ఏవి బిగించుకోవచ్చో రవాణా శాఖ తెలుగులో చెప్పాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. సంక్రాంతి ముందు వారం హైదరాబాద్–విజయవాడ రహదారి మీద కార్లు బారులు తీరతాయి. తెల్లవారుజామున సూర్యాపేట దాటేసరికి మంచు కమ్మేసి ముందున్న బండి కూడా కనబడని రోజులుంటాయి. ఆ భయంతోనే పండక్కి ఊరెళ్లే ముందు కారుకు ఫోకస్ లైట్లు పెట్టించుకుంటారు. దారి కనబడాలని కోరుకోవడంలో తప్పు లేదు. అయితే ఏ లైటు కొన్నారు, ఎక్కడ బిగించారు, స్విచ్ ఎలా ఇచ్చారు అన్నది ఎవరూ చూడటం లేదు. దాంతో ఎదురొచ్చేవాళ్ల కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. తనిఖీలో పట్టుబడితే జరిమానా పడుతుంది. కానీ ఏది బిగించుకోవచ్చో బండి యజమానికి అర్థమయ్యేలా చెప్పిన కాగితం మాత్రం ఒక్కటీ కనబడదు.

చట్టంలో ఉన్నది ఇది. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 106వ నియమం ప్రకారం ముందు లైటు వెలుగు, 8 మీటర్ల దూరంలో మీటరున్నర ఎత్తున ఉన్న కంటికి మిరుమిట్లు గొలపనంతగా కిందికి వంగి ఉండాలి. 111వ నియమం స్పాట్‌లైట్‌ను, సెర్చ్‌లైట్‌ను ముందు వైపు బిగించవద్దంటుంది. ప్రత్యేక అవసరం ఉంటే రిజిస్టరింగ్ అధికారి అనుమతి ముందే తీసుకోవాలి. కారు పైకప్పు మీద, బానెట్ అంచున పెట్టే లైట్ బార్లను ఈ నియమం కిందే చూడాలని మా అభిప్రాయం. ముందు వైపు ఎర్ర లైటు ఎలాగూ నిషిద్ధం. ఇక మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనంలో మార్పుల గురించి చెబుతుంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఒకే మోడల్ కారులో పై వేరియంట్‌కు ఫాగ్ ల్యాంపులు ఫ్యాక్టరీ నుంచే వస్తాయి. కింది వేరియంట్‌కు బంపర్‌లో అదే గుంత ఉంటుంది, ప్లాస్టిక్ మూత వేసి ఇస్తారు. ఆ మూత తీసి కంపెనీ కిట్‌నే షోరూంలో బిగిస్తే ఎవరూ అడగరు. అదే ల్యాంపును బయట ఎలక్ట్రీషియన్ బిగిస్తే అది 52వ సెక్షన్ కిందికి వచ్చే మార్పా, కాదా? ఒక్కో చెక్‌పోస్టులో ఒక్కో జవాబు వస్తోంది. ఈ గీత ఎక్కడుందో రవాణా శాఖ తేల్చి చెప్పాలి.

ఫాగ్ ల్యాంపుకూ డ్రైవింగ్ ల్యాంపుకూ తేడా తెలియకపోవడమే సగం పొరపాట్లకు మూలం. డ్రైవింగ్ ల్యాంపు హైబీమ్‌కు (దూరం కొట్టే హెడ్‌లైట్ వెలుగుకు) తోడు. దూరం కొడుతుంది, హైబీమ్‌తోపాటే వెలిగి ఆరాలి. ఫాగ్ ల్యాంపు వెలుగు వెడల్పుగా, దగ్గరగా, పైన కత్తితో కోసినట్టు గీతతో పడుతుంది. మంచు అంటే గాలిలో తేలే నీటి బొట్లు. ఆ గీత దాటి పైకి పోయిన వెలుగు వాటికి తగిలి తిరిగి డ్రైవరు కంట్లోకే వస్తుంది. మంచులో హైబీమ్ వేస్తే తెల్లటి గోడ ఎదురైనట్టుండటం అందుకే. పసుపు రంగు మంచును చీల్చేస్తుందన్నది ఎక్కువగా ప్రచారమే. పని చేసేది ఆ గీత, ల్యాంపు ఎత్తు. ఐక్యరాజ్యసమితి 48వ నిబంధన, దాని బాటలోనే నడిచే మన వాహన పరిశ్రమ ప్రమాణం ఏఐఎస్–008 ప్రకారం కారు ఫాగ్ ల్యాంపు నేల నుంచి 250 మిల్లీమీటర్లకు తగ్గకుండా, 800 మిల్లీమీటర్లు మించకుండా ఉండాలి. లోబీమ్ (కిందికి వంగి దగ్గర పడే హెడ్‌లైట్ వెలుగు) ల్యాంపు కంటే పైన ఉండకూడదు. కారు అంచు నుంచి 400 మిల్లీమీటర్లు దాటి లోపలికి పోకూడదు. కొనేటప్పుడు అద్దం మీద వృత్తంలో ఇంగ్లిషు ‘ఈ’ అక్షరం, పక్కన అంకె ఉన్నాయా చూసుకోవాలి. దగ్గర్లో ‘బీ’ లేదా ‘ఎఫ్3’ అని ఉంటే ఫాగ్ ల్యాంపు, ‘హెచ్‌ఆర్’ అని ఉంటే హైబీమ్. ఏ గుర్తూ లేనిది పొలం దగ్గర వాడుకోవడానికి పనికొస్తుంది, రోడ్డుకు పనికిరాదు.

అన్నిటికంటే ఎక్కువగా కళ్లు చెదరగొట్టేది మాత్రం కొత్తగా బిగించిన ల్యాంపు కాదు, పాత హెడ్‌లైట్‌లో దూర్చిన ఎల్‌ఈడీ బల్బు. హెచ్4 హాలోజెన్ బల్బును చేతిలోకి తీసుకుని చూడండి. లోపల రెండు ఫిలమెంట్లుంటాయి: హైబీమ్‌కు 60 వాట్లది, లోబీమ్‌కు 55 వాట్లది. లోబీమ్ ఫిలమెంట్ కింద చిన్న గరిటె లాంటి లోహపు రేకు ఉంటుంది. వెలుగు రిఫ్లెక్టర్ (బల్బు వెనక వెలుగును ముందుకు మళ్లించే వెండి పూత గిన్నె) కింది సగానికి పోకుండా ఆపేది ఆ రేకే. అది ఆపబట్టే ఎదురొచ్చేవాడి కంట్లో పడదు. ఎల్‌ఈడీ చిప్పు ఆ ఫిలమెంట్ ఉన్న చోట మిల్లీమీటరు అటూ ఇటూ కూర్చున్నా, హోల్డర్‌లో కాస్త తిరిగి ఉన్నా వెలుగు చెల్లాచెదురవుతుంది. డ్రైవరుకు ముందు పది గజాలు తెల్లగా మెరిసి, బాగా కనబడుతున్నట్టే అనిపిస్తుంది. దూరం మాత్రం తగ్గిపోతుంది. 100/90 వాట్ల హాలోజెన్ వేసినా వేరే నష్టం: కప్లర్ (బల్బుకు తగిలించే ప్లగ్గు) కరుగుతుంది, రిఫ్లెక్టర్ వెండి పూత మసకబారుతుంది.

వైరింగ్ విషయానికొద్దాం. 55 వాట్ల ల్యాంపులు రెండు కలిపి 12 వోల్టుల దగ్గర 9 ఆంపియర్ల పైనే లాగుతాయి. ఆ కరెంటును డ్యాష్‌బోర్డు స్విచ్ గుండా నేరుగా పంపితే స్విచ్ కాలుతుంది. 30 ఆంపియర్ల రిలే (స్విచ్ నుంచి వచ్చే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి, తీసే పరికరం) తప్పనిసరి. బ్యాటరీ ప్లస్ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ. బ్యాటరీకి జానెడు దూరంలోపే 15 ఆంపియర్ల ఫ్యూజు. అక్కడి నుంచి రిలే 30 నంబరు కాలికి. 87 నుంచి ల్యాంపులకు. 85 ఎర్త్‌కు, 86 స్విచ్ నుంచి. ఎర్త్ ఇచ్చే చోట పెయింటు గీకి లోహం కనబడాలి; లేకపోతే నెల తిరక్కుండా తుప్పు పట్టి లైటు మినుకుమినుకుమంటుంది. ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ లోపలి సీట్లకూ మధ్య రేకు గోడ) దాటే చోట రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు వేసే ఉంగరం) లేకపోతే రేకు అంచు తీగ తొడుగును కోసేస్తుంది. ఫ్యూజు పోయిందని దాని చోట రాగి తీగ చుట్టడం కారుకు నిప్పు పెట్టడంతో సమానం.

డ్రైవింగ్ ల్యాంపులకు 86ను హైబీమ్ తీగకు స్విచ్ ద్వారా కలపాలి. డిప్ చేయగానే (లోబీమ్‌కు మార్చగానే) వాటంతట అవే ఆరతాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని కార్లలో హెడ్‌లైట్‌కు ప్లస్ ఎప్పుడూ ఉండి, స్విచ్ ఎర్త్ వైపు పని చేస్తుంది. మీటరు పెట్టి చూడకుండా కలిపితే పని తిరగబడుతుంది: హైబీమ్ వేస్తే ల్యాంపులు ఆరి, డిప్ చేస్తే వెలుగుతాయి. అలాంటి కార్లలో రిలే కాయిల్ కాళ్లు 85, 86లలో ఒకటి ప్లస్‌కు, రెండోది హైబీమ్ తీగకు ఇవ్వాలి. కొత్త కార్లలో హెడ్‌లైట్‌కు కరెంటు పల్సులుగా వచ్చే చోట్ల రిలే టకటకా కొట్టుకుంటుంది. అక్కడ ఆ మోడల్‌కు సరిపడే కిట్ తప్ప తీగ కోసి కలపడం పనికిరాదు.

బిగించాక ఫోకస్ సరిచేయడం పది నిమిషాల పని, అయినా చాలా చోట్ల చేయరు. చదును నేల మీద, టైర్లలో సరైన గాలితో, డ్రైవరు సీట్లో ఒక మనిషిని కూర్చోబెట్టి, గోడకు 10 మీటర్ల దూరంలో కారు ఆపాలి. ల్యాంపు మధ్యబిందువు ఎత్తును గోడ మీద సుద్దతో గుర్తు పెట్టాలి. లోబీమ్ గీత ఆ గుర్తుకు సుమారు 10 సెంటీమీటర్ల కింద, ఫాగ్ ల్యాంపు గీత సుమారు 20 సెంటీమీటర్ల కింద పడాలి. పండగ ప్రయాణంలో వెనక ముగ్గురు, డిక్కీ నిండా సామాను. కారు వెనక్కి కుంగుతుంది, ముందు లైట్లు ఆకాశం చూస్తాయి. స్టీరింగ్ పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం ఇందుకే ఇచ్చారు. బరువు పెరిగితే అంకె పెంచాలి. చాలామంది దాన్ని కొన్న రోజు నుంచి ముట్టుకోరు.

పరిష్కారం పెద్ద ఖర్చుతో కూడింది కాదు. రెండు రాష్ట్రాల రవాణా శాఖలు ఒక్క పేజీ తెలుగులో వేయాలి: ఏ ల్యాంపు, ఎంత ఎత్తున, ఎన్ని వాట్లు, ఏ గుర్తుతో బిగించుకోవచ్చు, దేనికి అనుమతి అడగాలి. బిగించిన దుకాణం వాట్లు, గుర్తు రాసి బిల్లు ఇవ్వాలన్న షరతు పెట్టాలి. ఇప్పుడు పట్టుబడేది యజమాని ఒక్కడే. తప్పుడు సరుకు అమ్మినవాడి జోలికి ఎవరూ పోవడం లేదు. కర్ణాటక పోలీసులు 2024 జూలై నుంచి కళ్లు చెదరగొట్టే ఎల్‌ఈడీ లైట్ల మీద మోటారు వాహనాల చట్టం 177వ సెక్షన్ కింద కేసులు మొదలుపెట్టారు. మన దగ్గరా పెట్టవచ్చు, కానీ కంటి అంచనాతో కాదు, బీమ్ టెస్టర్‌తో (లైటు వెలుగు ఎటు, ఎంత పడుతోందో కొలిచే పరికరంతో) కొలిచి పెట్టాలి. సొంత కార్లకు 15 ఏళ్ల దాకా ఫిట్‌నెస్ పరీక్షే ఉండదు కాబట్టి వాటి హెడ్‌లైట్లను ఎవరూ కొలవరు. జనవరి మొదటి రెండు వారాలు పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ ప్లాజాల పక్కన ఒక్కో బీమ్ టెస్టర్, ఒక్కో మెకానిక్‌ను పెట్టి, ఉచితంగా ఫోకస్ సరిచేసి పంపాలని రవాణా శాఖను, జాతీయ రహదారుల సంస్థను కోరుతున్నాం.

ఇట్లు,
ఆటో ఎలక్ట్రీషియన్లు,
సూర్యాపేట