గ్రావెల్ సైక్లింగ్ సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశానికి ముందే కార్యదర్శి నివేదిక సభ్యుల చేతికి అందాలన్నది మన నియమావళి, కాబట్టి ఇది. కంకర, మట్టి బాటల మీద సైకిలు తొక్కే ఈ సంఘం ఎందుకు పెట్టుకున్నామో అందరికీ తెలిసిందే, మళ్ళీ రాయడం లేదు. ఈ ఏడాది చేసిన పనుల్లో గొప్పగా చెప్పుకోదగ్గది పెద్ద మిట్ట బాట మరమ్మతు. నివేదికలో సగం దానికే పోతే విసుక్కోవద్దని మనవి.

ఆ బాట మొదటినుంచీ తప్పుగా పడింది. కొండ వాలుకు అడ్డంగా సాగవలసింది, నీరు జారే దారినే పట్టుకుని నిటారుగా దిగింది. అలాంటి చోట వాననీరు పక్కకు పోదు, బాటే కాలువ అవుతుంది. ముందు సన్న మట్టి కొట్టుకుపోతుంది, దాంతో పట్టు తప్పిన కంకర దొర్లుతుంది, చివరికి నడుమ లోతైన గాడి, రెండు పక్కలా చక్రం నిలవని గుండ్రాళ్ళు మిగులుతాయి. గాడిని తప్పించుకోవడానికి జనం పక్కనున్న గడ్డిలోంచి పోతారు, కొన్నాళ్ళకు అక్కడా గాడే. సైకిళ్ళ వల్లే కొండ పాడైందని కొందరు సంరక్షణ ప్రాంత కార్యాలయానికి ఫిర్యాదు రాశారు. టైర్లు తొందరపెట్టిన మాట నిజమే గానీ తవ్వింది మాత్రం నీరు.

బాటలు వేసేవాళ్ళు పాటించే లెక్క ఒకటుంది. బాట వాలు అది పోయే కొండ పక్క వాలులో సగానికి మించకూడదు. కొండ వాలు 16 శాతం ఉంటే బాట 8 శాతం లోపే ఉండాలి. బాట మొత్తానికి సగటు 10 శాతం దాటకపోతే మంచిది. మిట్ట కింది ముక్క ఈ రెండు లెక్కలకూ తప్పింది. ఎంత కంకర పోసినా నిలవదని తేలాక ఆ ముక్కను వదిలేసి, కొండ పక్కగా మెలిక తిప్పి కొత్త బాట తవ్వాం. పాతదాన్ని నేల గుల్లచేసి, అడ్డంగా దుంగలు పాతి, పైన ఎండు కొమ్మలు పరిచి మూశాం. చూడటానికి బాటలా ఉన్నంతకాలం ఎవరో ఒకరు అందులోంచి దిగుతూనే ఉంటారు, తాడు కట్టి బోర్డు పెట్టినంత మాత్రాన ఆగరు.

కొత్త బాట వెడల్పంతా కొండలోకి తవ్విన గట్టి నేల మీదే ఉంది. సగం తవ్వి, ఆ మట్టినే బయటి అంచున పోసి వెడల్పు చేస్తే పని సగంలో అయిపోతుంది, అలా చేద్దామన్నవారూ ఉన్నారు. కానీ పోసిన సగం గట్టి వానలు పడగానే కుంగుతుంది. పైనుండే ఆకుమట్టి దిమ్మిసకు లొంగదు, తడిస్తే మెత్తబడుతుంది, అందుకని ముందే గీరి దిగువకు దూరంగా విసిరేశాం. అంచునే కుప్ప పెడితే అదే గట్టులా మారి నీటిని బాట మీద ఆపుతుంది. మీటరు వెడల్పుకు బయటి అంచు 5 సెం.మీ. పల్లంగా ఉండేట్టు వాలు ఇచ్చాం. కంటికి ఈ వాలు దాదాపు తెలియదు, అందుకే ప్రతి నాలుగడుగులకూ లెవెల్ పెట్టి చూడాల్సి వచ్చింది.

మిట్ట పైభాగంలో నీటిని మళ్ళించడానికి ఎప్పుడో వేసిన అడ్డదుంగలన్నీ పీకేశాం. దుంగ వెనక ఒండ్రు నిండితే నీరు దాని మీదుగా దూకి దిగువన గొయ్యి చేస్తుంది. పైగా తడి దుంగను ముందు చక్రం ఏటవాలుగా ఎక్కితే పడటం ఖాయం. వాటి స్థానంలో నిడుపాటి పల్లాలు తీసి, ఆ మట్టితోనే ఒక్కోదాని వెంట నునుపైన చిన్న దిబ్బ కట్టాం. సైకిలు మీద పోయేవారికి చిన్న ఊపులా తగులుతుంది, నీరు మాత్రం ఎదురు దిబ్బ ఎక్కలేక పక్కకు దిగిపోతుంది. నీరు బయటికి పోయే నోరు ఇరుకైతే ఆకులు అడ్డుపడి పూడిపోతుంది కాబట్టి పార తిరగేసి లాగడానికి వీలుగా వెడల్పుగా ఉంచాం. దిబ్బలకు పోసిన మట్టిని 10 నుంచి 15 సెం.మీ. పొరలుగా వేసి, పొర పొరకూ దిమ్మిస కొట్టాం. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ళ సందుల్లోంచి నీరు కారకూడదు, మట్టిలో తడి అంతే ఉండాలి. పొడిమట్టిని ఎంత కొట్టినా దుమ్మే లేస్తుంది. పైన పరచడానికి ఏటి గులకరాళ్ళు ఇస్తామన్నవారికి కృతజ్ఞతలు చెప్పి వద్దన్నాం. గుండ్రాళ్ళు ఒకదానితో ఒకటి బిగుసుకోవు. రాతిపొడి కలిసిన, కోణాలున్న నలగ్గొట్టిన కంకరే వాలు మీద నిలుస్తుంది.

పనికి వచ్చినవారి పేర్లన్నీ హాజరు పట్టీలో ఉన్నాయి, సమావేశంలో చదివి వినిపిస్తాం. పారలు, గునపాలు, దిమ్మిసలు ఎరువిచ్చినవారికి, కంకర బస్తాలు పైదాకా మోసిన యువ సభ్యులకు, పిల్లల్ని చూసుకుంటూ ఇంటివారిని పనికి పంపిన కుటుంబాలకు సంఘం రుణపడి ఉంది. గుర్రపు స్వారీ చేసేవారు మన సభ్యులు కాకపోయినా చివరిదాకా నిలబడ్డారు, వారికి ప్రత్యేక ధన్యవాదాలు. ఇక పనికి వస్తామని వాట్సాప్‌లో బొటనవేలు ఎత్తి, తెల్లవారాక కనపడనివారి సంగతి. బాట తెరిచిన మర్నాడు ఫొటోలు పెట్టినవారిలో ఎక్కువమంది వారే. అందరూ అందలం ఎక్కేవారే అయితే మోసేవారెవరు? ఇంతకు మించి రాయవద్దని అధ్యక్షులు అన్నారు.

వాన తర్వాత బాట మూసివేత మీద ఈసారీ వాదనలు నడిచాయి. నియమం మారలేదు: వెనక్కి తిరిగి చూస్తే మీ టైరు అచ్చు లోతుగా కనపడినా, టైరుకు మట్టి అంటుకుని ఫోర్కులో ఇరుక్కుంటున్నా అక్కడినుంచే వెనుదిరగాలి. మన కొండలో దక్షిణం వైపు త్వరగా ఆరుతుంది, ఉత్తరం వైపు చెట్ల నీడలోని బంకమట్టి ఆరడానికి ఇంకా చాలా సమయం పడుతుంది, కాబట్టి మొదట్లో పొడిగా ఉంది కదా అని ముందుకు పోవద్దు. గ్రావెల్ బైకు బురదకే పుట్టిందని వాదించేవారు 2023లో అమెరికాలోని కాన్సాస్‌లో జరిగిన అన్‌బౌండ్ పందెం సంగతి గుర్తు తెచ్చుకోవాలి. జిగట బురదలో ఆరితేరినవాళ్ళే సైకిళ్ళు భుజాన వేసుకుని నడిచారు, కర్రముక్కలతో మట్టి గీక్కున్నారు, గేరు మార్చే డిరైలర్లు విరిగి కొందరు మొదట్లోనే ఆగిపోయారు.

మూసివేత బోర్డులు పెట్టడానికి అనుమతి అడుగుతూ సంబంధిత కార్యాలయానికి రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు. వెళ్ళి కలిస్తే ఫైలు పై అధికారి దగ్గర ఉందన్నారు. పై అధికారి దగ్గరికి వెళ్తే కింది నుంచి రాలేదన్నారు. ఈలోగా గేటుకు మనం కట్టిన అట్టముక్కే బోర్డు.

మరమ్మతు శిక్షణకు మాత్రం జనం బాగానే వచ్చారు. అక్కడ తేలిన లోపాలు చాలామందికి పనికొస్తాయి కాబట్టి రాస్తున్నాం. ట్యూబ్‌లెస్ టైర్లు విప్పి చూస్తే చాలావాటిలో రంధ్రాలు మూసే ద్రవం, అంటే సీలెంట్, ఎండి రబ్బరు పొరలా అంటుకుపోయి ఉంది. 40 మి.మీ. టైరుకు సుమారు 60 మి.లీ. ఉండాలి. రెండు మూడు నెలలకోసారి, వేసవిలో ఇంకా ముందే, వాల్వు లోపలి మర (కోర్) తీసి సన్నపుల్ల దించి చూడండి. టైరు పక్క గోడ చీలితే రంధ్రంలో దూర్చే రబ్బరు ప్లగ్ నిలవదు, లోపల గట్టి అతుకు పెట్టి ట్యూబు వేయాలి. ట్యూబు వేసేముందు ట్యూబ్‌లెస్ వాల్వు తీసేసి, టైరు లోపలంతా వేళ్ళతో జాగ్రత్తగా తడమండి. సీలెంట్ మూసేసిన పాత ముళ్ళు ఇంకా అక్కడే ఉంటాయి, కొత్త ట్యూబును నిమిషాల్లో పొడిచేస్తాయి.

గాలి విషయంలో ఎక్కువమంది అతిగా కొడుతున్నారు. 70 కిలోల మనిషికి 40 మి.మీ. టైరులో గాలి ఒత్తిడి వెనక 32 పీఎస్ఐ, ముందు 29 దగ్గర మొదలుపెట్టి, రిమ్ము రాళ్ళకు తగులుతుంటే ఒకటి రెండు పెంచుకోవాలి. టైరును పట్టి ఉంచే కొక్కెపు అంచు లేని హుక్‌లెస్ రిమ్ములకు పైహద్దు 5 బార్, అంటే 72.5 పీఎస్ఐ. టైరు మీద అంతకన్నా తక్కువ రాసి ఉంటే ఆ తక్కువదే హద్దు.

పొడవైన దిగుడులో బ్రేకు అదేపనిగా పట్టి ఉంచితే రెసిన్ రకం బ్రేకు ప్యాడ్లు మెరుపెక్కి పట్టు పోతుంది, కీచుమంటుంది. మలుపుకు ముందే గట్టిగా పట్టి, మలుపులో వదిలేయాలి. చైనుకు స్ప్రే నూనె కొడితే తుంపర బ్రేకు పళ్ళెం (రోటర్) మీద పడి ప్యాడ్లు పాడవుతాయి, చుక్కల నూనే వాడండి. 11, 12 స్పీడు చైనును కొలతపుల్ల 0.5 శాతం సాగుదల చూపగానే మార్చాలి, లేకపోతే వెనక పన్నుచక్రాల గుత్తి, అంటే క్యాసెట్, కూడా మార్చాల్సివస్తుంది. కుడివైపు పడిన సైకిలుకు డిరైలర్‌ను పట్టి ఉంచే హ్యాంగర్ వంగిందేమో చూడకుండా మిట్ట ఎక్కొద్దు. అది వంగి ఉంటే, పెద్ద పన్నుచక్రానికి మార్చగానే డిరైలర్ చువ్వల్లోకి పోతుంది. వెనక చక్రం పైకెత్తి, చేత్తో పెడలు తిప్పుతూ నెమ్మదిగా ఆ గేరులోకి తెచ్చి చూస్తే ముందే తెలిసిపోతుంది.

ఒక మాట మళ్ళీ మళ్ళీ చెప్పాల్సి వస్తోంది. దిగేవారు ఎక్కేవారికి, సైకిలు మీద ఉన్నవారు కాలినడకన పోయేవారికీ గుర్రానికీ దారి ఇవ్వాలి. గుర్రం వెనకనుంచి వచ్చేటప్పుడు దూరం నుంచే పలకరించండి, మనిషి గొంతు వింటే అది బెదరదు. బయటినుంచి వచ్చేవారు టైర్లకూ బూట్లకూ అంటిన ఎండు మట్టిని గేటు బయటే బ్రష్‌తో దులిపి రావాలి. కలుపు విత్తనాలు లోపలికి వచ్చేది ఆ మట్టిలోనే. గేటు దగ్గరి బ్రష్‌లు రెండుసార్లు మాయమయ్యాయి.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా జతచేశారు. లెక్కలు తనిఖీ అయ్యాయి, చందా బకాయిలు తప్ప చెప్పుకోదగ్గ విశేషం లేదు. బకాయిదారుల పేర్లు ఇక్కడ రాయడం లేదు.

వచ్చే ఏడాదికి మిగిలిన పనులు: వాగు దాటే చోట రాళ్ళు పరచడం, మిట్ట మీది పల్లాల నోళ్ళను వర్షాకాలానికి ముందూ తర్వాతా శుభ్రం చేయడం, పనిముట్ల బాధ్యుడి ఎన్నిక. ఈ చివరి పదవికి ఇప్పటిదాకా ఎవరూ పేరు ఇవ్వలేదు. పనిముట్ల గది రెండో తాళంచెవి కూడా ఎవరి దగ్గరో ఉండిపోయింది, ఉన్నవారు సమావేశానికి తెచ్చి ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి