స్వతంత్ర డైరెక్టరు ఎవరి మనిషి?

సంపాదకులకు,

లిస్టెడ్ కంపెనీల నిబంధనలను (ఎల్‌ఓడీఆర్) స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ సమగ్రంగా సమీక్షించబోతోందని మీ బిజినెస్ పేజీలో చదివి వారం దాటింది. చిన్న మదుపరుల తరఫున ఎవరైనా నాలుగు ముక్కలు రాస్తారేమోనని చూశాను. కంపెనీలకు భారం తగ్గుతుందన్న సంబరమే తప్ప ఇంకేమీ కనిపించలేదు.

కాగితాలు తగ్గించండి, ఎవరు వద్దన్నారు? వార్షిక నివేదికలో గవర్నెన్స్ (కంపెనీని నడిపే తీరు) భాగం తెరిస్తే ప్రతి గడిలోనూ 'పాటించాం' అనే ఉంటుంది. చైర్మన్ గారి చిరునవ్వుకు నిండు పేజీ ఇస్తారు. ప్రమోటర్ల (కంపెనీని గుప్పిట్లో ఉంచుకున్న అసలు యజమానుల) ఇతర కంపెనీలకు మన డబ్బు ఎంత వెళ్లిందో చెప్పే నోట్‌ను మాత్రం భూతద్దం పెట్టుకుని వెతుక్కోవాలి.

సత్యం కంప్యూటర్స్ కథ తెలుగువాళ్లకు కొత్తగా చెప్పాలా? 2008 డిసెంబర్ 16న, చైర్మన్ రామలింగరాజు గారి కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లతో కొనడానికి బోర్డు సరేనంది. ఆ బోర్డులో స్వతంత్ర డైరెక్టర్లుగా, అంటే ప్రమోటర్లతో సంబంధం లేకుండా వాళ్లను ప్రశ్నించాల్సిన వాళ్లుగా, ఉన్నది అల్లాటప్పా మనుషులు కాదు, పేరుమోసిన ప్రొఫెసర్లూ అందులో ఉన్నారు. ఇన్వెస్టర్లు గగ్గోలు పెట్టాక గంటల్లోనే వెనక్కి తగ్గారు. మూడు వారాలకు దొంగ లెక్కల అసలు గుట్టు బయటపడింది. దానికి కొన్ని నెలల ముందే ఆ కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్‌లో గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది! అప్పటికే క్లాజ్ 49 (లిస్టెడ్ కంపెనీల బోర్డుల్లో స్వతంత్ర డైరెక్టర్లు ఉండాలన్న నిబంధన) అమల్లో ఉందని గుర్తుంచుకోవాలి.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు తర్వాత చాలా వచ్చాయి. 2013 కంపెనీల చట్టం, 2015 ఎల్‌ఓడీఆర్, 2017లో గవర్నెన్స్ మీద సెబీ వేసిన ఉదయ్ కోటక్ కమిటీ. చైర్మన్, ఎండీ పదవులు ఒకరి దగ్గరే ఉండకూడదన్నారు. గడువు 2020 ఏప్రిల్ అన్నారు, 2022 ఏప్రిల్‌కు జరిపారు, తీరా అది దగ్గర పడ్డాక 'మీ ఇష్టం' అని వదిలేశారు. సామాన్యుడు కేవైసీ గడువు దాటితే ఇలాగే చూసీచూడనట్టు పోతారా?

అసలు సంగతికొస్తాను. స్వతంత్ర డైరెక్టరును నియమించడానికి ఇప్పుడు ప్రత్యేక తీర్మానం కావాలి, అంటే నాలుగింట మూడొంతుల ఓట్లు. బాగానే ఉంది. కానీ ప్రమోటర్లు 75 శాతం దాకా వాటా ఉంచుకోవచ్చు. అంత వాటా ఉన్నచోట మా ఓటు ఎవరిక్కావాలి? తనను ప్రశ్నించాల్సిన మనిషిని తనే ఎంచుకుంటాడు, తనే ఓటేస్తాడు. ఆ మనిషి బోర్డు మీటింగులో తలూపక ఏం చేస్తాడు? రిలేటెడ్ పార్టీ లావాదేవీలకు (ప్రమోటర్ల ఇతర కంపెనీల్లాంటి సొంతవాళ్లతో కంపెనీ చేసే వ్యవహారాలకు) ఆ సంబంధిత పార్టీలు అనుకూలంగా ఓటేయకూడదన్న నిబంధన ఉండనే ఉంది. దాన్నే స్వతంత్ర డైరెక్టర్ల ఎన్నికకూ పెట్టండి. ప్రమోటర్లు పక్కన ఉంటారు, మిగతా వాటాదారులు తేలుస్తారు. ఇందుకు కొత్త కమిటీ అక్కర్లేదు.

జరుగుతున్నది మాత్రం వేరు. రిలేటెడ్ పార్టీ లావాదేవీలకు వాటాదారుల అనుమతి తప్పనిసరి అయ్యే పరిమితి 2025 దాకా 1,000 కోట్లు లేదా టర్నోవర్‌లో 10 శాతం, ఏది తక్కువైతే అదిగా ఉండేది. పెద్ద కంపెనీలకు దాన్ని 5,000 కోట్ల దాకా పెంచడానికి ఆ ఏడాది సెబీ బోర్డు ఒప్పుకుంది. భారం తగ్గిందెవరికో మరి.

ప్రభుత్వం తీరు ఇంకా ముచ్చటగా ఉంటుంది. ప్రభుత్వ రంగ చమురు కంపెనీల్లో తగినంతమంది స్వతంత్ర డైరెక్టర్లు లేరని స్టాక్ ఎక్స్ఛేంజీలు జరిమానా వేస్తాయి. నియామకం మా చేతిలో లేదు, మంత్రిత్వ శాఖ చూడాలి అని కంపెనీలు జవాబిస్తాయి. మాఫీ అడుగుతాయి. ఖాళీ నింపని అధికారి జేబులోంచి రూపాయి కదలదు. కడితే గిడితే అది వాటాదారుల డబ్బే.

ఇక వీడియోలో జరిగే ఏజీఎంలు, అంటే వాటాదారుల వార్షిక సమావేశాలు. మాట్లాడాలంటే ముందే పేరు నమోదు చేసుకోవాలి. నేను షేర్లు కొన్న ఒక కంపెనీలో ఈసారి నా వంతు వచ్చేలోగా మాట్లాడినవాళ్లంతా మేనేజ్‌మెంటును ఆకాశానికెత్తారు, ఒకాయన చైర్మన్ మీద కవిత కూడా చదివాడు, అందరూ చప్పట్లు కొట్టారు. గ్రూపులోని వేరే కంపెనీకి ఇచ్చిన అప్పు మీద వడ్డీ ఎంత అని నేను అడుగుతుండగానే మైక్ మ్యూట్ అయింది. 'మీ ప్రశ్నకు ఈమెయిల్‌లో జవాబిస్తాం' అన్నారు. ఆ ఈమెయిల్ ఇంకా రాలేదు. సమీక్ష చేసే పెద్దలు, ఏజీఎంలో వాటాదారులు అడిగిన ప్రతి ప్రశ్ననూ, దానికిచ్చిన జవాబునూ ఎక్స్ఛేంజి వెబ్‌సైట్‌లో పెట్టాలని ఒక్క వాక్యం చేరిస్తే, కనీసం కవితలు తగ్గుతాయి.

– ఒక చిన్న వాటాదారు