తప్పు ఫొటో, తప్పు జవాబు: మీ ఎకానమీ పాఠం గురించి ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: గ్రూప్-1 ఆన్‌లైన్ కోర్సులో సోషలిస్టు దేశాల ఆర్థిక వ్యవస్థ వీడియో, దాని తర్వాత ఇచ్చిన మాక్ టెస్టులో తప్పులు సరిదిద్దడం గురించి.

అయ్యా,

మా అబ్బాయి మీ కోర్సులో చేరి ఎనిమిది నెలలయింది. ఫీజు మొత్తం ఒకేసారి కట్టాం. ఈ పాఠం గురించి మీ యాప్‌లో ఇప్పటికి మూడుసార్లు రాశాను. మూడుసార్లూ 'మీ అభిప్రాయానికి ధన్యవాదాలు' అని మెసేజ్ వచ్చింది, కంప్లైంట్ క్లోజ్ చేశారు. వీడియో మాత్రం అలాగే ఉంది. అందుకే ఈసారి ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

ముందు ఫొటో సంగతి. వీడియో మొదట్లోనే పెద్ద క్యూ ఒకటి చూపించి, కింద 'రొట్టె కోసం ఆకలితో నిలబడ్డ మాస్కో ప్రజలు' అని రాశారు. అది రొట్టె క్యూ కాదు. 1990 జనవరి 31న పుష్కిన్ స్క్వేర్‌లో మొదటి మెక్‌డొనాల్డ్స్ తెరిచినప్పటి క్యూ. ఫొటోలో ఒక పక్క ఆ బోర్డు సగం కనబడుతూనే ఉంది. మొదటి రోజే ముప్పై వేల మందికి పైగా వచ్చారక్కడికి. ఆ వారంలో నేనూ వెళ్లి అదే క్యూలో నిలబడ్డాను. 1987 నుంచి 1993 దాకా మాస్కోలో మెడిసిన్ చదివాను. ఆ క్యూలో ఉన్నది ఆకలి కాదు, కొత్త వస్తువు చూడాలన్న ఉబలాటం. మెట్రో టికెట్ 5 కోపెక్కులున్న ఊళ్లో (నూరు కోపెక్కులు ఒక రూబుల్) ఒక్క బిగ్‌మ్యాక్ బర్గర్‌కి 3 రూబుళ్ల 75 కోపెక్కులు పెట్టడానికి వచ్చినవాళ్లు వాళ్లంతా. నా స్కాలర్‌షిప్పే నెలకు 90 రూబుళ్లు.

ఇక మాక్ టెస్టులో 14వ ప్రశ్న. 'సోవియట్ యూనియన్‌లో నిత్యావసరాల కొరతకు ముఖ్య కారణం ఏమిటి?' మీ కీలో జవాబు: 'అధిక ధరలు'. మా అబ్బాయి 'ప్రభుత్వం ధరలను తక్కువగా స్థిరపరచడం' అని పెట్టాడు. వాడికి నెగెటివ్ మార్కు పడింది. వాడిది తప్పు కాదు, మీ కీ తప్పు.

1962 జూన్ 1న ప్రభుత్వం మాంసం ధర సుమారు 30 శాతం, వెన్న ధర సుమారు 25 శాతం పెంచింది. మర్నాడే నోవోచెర్కాస్క్ అనే ఊళ్లో కార్మికులు ఊరేగింపుగా వస్తే సైన్యం కాల్పులు జరిపింది. 26 మంది చనిపోయారు. ఆ భయంతో ఆ తర్వాత దాదాపు మూడు దశాబ్దాలు, 1991 ఏప్రిల్ దాకా, సర్కారు షాపుల్లో మాంసం ధర జోలికి ఎవరూ పోలేదు. జీతాలు మాత్రం పెరుగుతూ వచ్చాయి. చేతిలో డబ్బుంది, షాపులో ధర పాతదే, సరుకు వచ్చింది వచ్చినట్టే ఖాళీ. అదే మాంసం రైతుబజారు లాంటి కొల్హోజ్ మార్కెట్‌లో రెండు మూడు రెట్ల ధరకి ఎప్పుడూ దొరికేది. 1992 జనవరి 2న ధరల మీద అదుపు తీసేశారు. కొన్ని వారాల్లోనే షాపుల్లోకి సరుకు వచ్చింది, జనం దాచుకున్న డబ్బు మాత్రం నీరైపోయింది. ఆ ఏడాదిలో ధరలు ఇరవై రెట్లకు పైగా పెరిగాయి. ఇదంతా నేను కళ్లారా చూశాను. కీ మార్చడానికి ఇంతకంటే ఏం కావాలి?

1981లో మాంసానికి రేషన్ కార్డులు పెట్టింది పోలండ్. మీ వీడియోలో అది సోవియట్ యూనియన్ లెక్కలో పడింది. అది కూడా మార్చండి.

నాకు అన్నిటికంటే బాధ కలిగించింది వీడియోలో పాఠం చెప్పిన మీ సార్ సోవియట్ యూనియన్ గురించి అన్న మాట: 'అక్కడి జనం బద్ధకస్తులు, అందుకే ఏదీ తయారయ్యేది కాదు.' 1980ల్లో ఆ దేశం అమెరికా కంటే ఎక్కువ ఉక్కు తీసింది. బూట్లకీ లోటు లేదు. కానీ ఫ్యాక్టరీ ఎన్ని జతలు చేసిందన్నదే లెక్క, ఎవరి కాలికి సరిపోతాయన్నది కాదు. అందుకే మా హాస్టల్ అమ్మాయిలు తమ సైజు కాకపోయినా దొరికింది కొనేసి, తర్వాత కారిడార్‌లో ఒకరితో ఒకరు మార్చుకునేవాళ్లు. అక్కడ ఎవరూ 'కొన్నాను' అనేవారు కాదు, 'దొస్తాల్' అనేవారు. అంటే 'సంపాదించాను' అని. మనం 'దొరికింది' అంటాం చూడండి, దాదాపు అలాంటిదే. మన దేశం నుంచి వెళ్లిన టీ పొడితో అక్కడ కట్టిన ఏనుగు బొమ్మ ప్యాకెట్ కూడా అలా దొరకాల్సిందే. సెలవులకి ఇంటికొచ్చి తిరిగి వెళ్లేటప్పుడు నా పెట్టెలో బట్టలకంటే టీ పొడే ఎక్కువ ఉండేది.

మా హాస్టల్ గుమ్మం దగ్గర డ్యూటీలో ఒక పెద్దావిడ ఉండేది. అందరం ఆవిడని బాబుష్కా, అంటే అమ్మమ్మ, అనే పిలిచేవాళ్లం. 1989 చలికాలంలో సబ్బుల కోసం తెల్లవారకముందే వెళ్లి క్యూలో పేరు రాయించుకుని వచ్చింది. ఆవిడ కుడి అరచేతిలో బాల్‌పెన్నుతో 147 అని రాశారు. మధ్యాహ్నం షాపు వాళ్లు పిలిచేదాకా ఆ అంకె చెరగకూడదు. డ్యూటీ మానడానికి లేదు. ఆ రోజు నేను చూస్తుండగానే ఆవిడ ఎడమ చేత్తో టీ గ్లాసులు కడిగింది, కుడి చెయ్యి తడి తగలకుండా ఛాతీకి ఆనించి పెట్టుకుంది. రెండు సబ్బులు దొరికాయి. ఒకటి నాకు ఇచ్చింది. ఆ ఏడాది జూలైలోనే సైబీరియాలోని కుజ్‌బాస్ బొగ్గు గని కార్మికులు సమ్మెకి దిగారు. గనిలోంచి పైకి వచ్చాక ఒళ్లు కడుక్కోవడానికి సబ్బు ఇవ్వమన్నది కూడా వాళ్ల డిమాండ్లలో ఉంది. వీళ్లా బద్ధకస్తులు? ఉద్యోగం చేసి, క్యూలో నిలబడి, ఇంటికెళ్లి వంట చేసిన ఆడవాళ్లని ఆ మాట అనడానికి మీ సార్‌కి నోరెలా వచ్చింది?

నేను ఆ ప్రభుత్వాన్ని వెనకేసుకు రావడం లేదు. ఆ కొరత పాలకులు తెచ్చిపెట్టింది, అనుభవించింది జనం. పిల్లలకి ఆ తేడా తెలియాలి. ఇలాంటి తప్పులు మెయిన్స్‌లో వ్యాసంగా రాస్తే వాళ్ల మార్కులే పోతాయి.

కాబట్టి ఆ ఫొటో, దాని కింద రాసినది, బద్ధకస్తులు అన్న మాట వీడియోలోంచి తీసేయండి. 14వ ప్రశ్న కీ మార్చి, ఆ టెస్టు రాసిన అందరికీ మార్కులు సరిచేయండి. తప్పు జరిగిందని యాప్‌లో నోటీసు పెట్టండి. ఫీజు వాపసు నాకు అక్కర్లేదు. పదిహేను రోజుల్లో మీ ఫ్యాకల్టీలో ఎవరైనా సంతకంతో జవాబు రాయాలి, ఆటోమేటిక్ మెసేజ్ పంపవద్దు. వీడియో స్క్రీన్‌షాట్లు, మాక్ టెస్టు కీ, ఫీజు రసీదు కాపీలు జతచేశాను. మీ సార్ మాట్లాడతానంటే ఏ ఆదివారమైనా ఫోన్ చేయొచ్చు, ఎంతసేపైనా మాట్లాడతాను.

ఇట్లు,
మీ కోర్సు విద్యార్థి తల్లి,
గుంటూరు