లింకన్ జీవితాన్ని చెప్పే తపాలా బిళ్లలు

సంపాదకుల గారికి నమస్కారములు.

అబ్రహాం లింకన్ గురించి పాఠ్యపుస్తకంలో చదివినదాని కంటే ఆయన తపాలా బిళ్లలను పోగుచేస్తూ నేను తెలుసుకున్నదే ఎక్కువ. 1865 ఏప్రిల్‌లో ఆయన హత్యకు గురికాగా, మరుసటి ఏడాదే అమెరికా తపాలా శాఖ ఆయన ముఖచిత్రంతో 15 సెంట్ల నల్లని బిళ్లను విడుదల చేసింది. దానిని సంతాప సూచకంగా భావించే సేకర్తలు నేటికీ ఉన్నారు. 2009లో ద్విశత జయంతికి వచ్చిన నాలుగు బిళ్లలు కట్టెలు చీల్చిన యువకుడిగా, న్యాయవాదిగా, రాజకీయవేత్తగా, అధ్యక్షుడిగా ఆయన్ను వరుసగా చూపుతాయి.

అయితే నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసినవి మరో రెండు. బానిసత్వాన్ని రద్దుచేసిన 13వ రాజ్యాంగ సవరణ స్మారకంగా 1940లో వెలువడిన బిళ్లపై లింకన్ నిలబడి ఉండగా, విముక్తుడైన బానిస ఆయన పాదాల చెంత మోకరిల్లి ఉంటాడు. బానిసలకు స్వేచ్ఛనిస్తూ లింకన్ చేసిన విముక్తి ప్రకటన శతాబ్ది సందర్భంగా 1963లో వచ్చిన బిళ్లపై లింకన్ బొమ్మే లేదు, తెగిన గొలుసు మాత్రమే ఉంది. దానిని రూపొందించిన జార్జ్ ఓల్డెన్, అమెరికా తపాలా బిళ్లను రూపొందించిన మొదటి నల్లజాతీయుడు. స్వేచ్ఛను ఒకరి దయగా చూసే దృష్టి ఆ ఇరవై మూడేళ్లలో ఎంత మారిందో ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే పిల్లలకు సైతం అర్థమవుతుంది.

మన దేశం కూడా 1965లో లింకన్ శతవర్ధంతికి 15 పైసల బిళ్లను విడుదల చేసింది. ఇటువంటి బిళ్లలను పెద్దవిగా అచ్చువేసి, వాటి వెనుక కథను వివరించే శీర్షికను మీ పిల్లల పేజీలో ప్రారంభించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తపాలా బిళ్లల సేకర్త