నాయన తరఫున కూడా కృతజ్ఞతలు

అమ్మకు రేడియేషన్ పూర్తయి మూడు నెలలు దాటింది. మొన్న చెకప్‌లో డాక్టరు గారు బాగుందన్నారు, మళ్లీ మూడు నెలలకు రమ్మన్నారు. ఆసుపత్రి వాళ్లకు, మా ఊరి వాళ్లకు చెప్పాల్సినవి ఇన్నాళ్లూ నాలోనే పెట్టుకున్నాను. ఈ రోజు రాస్తున్నాను.

అమ్మది గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్. కర్నూలు పెద్దాసుపత్రిలో వారానికి ఐదు రోజుల లెక్కన 25 సిట్టింగులు, మధ్యలో వారానికోసారి కీమో. మాది కోడుమూరు దగ్గర పల్లె. రోజూ తిరగలేక అమ్మానాయనా అక్కడే ఉండిపోయారు. నేను ఆదోనిలో బడి చూసుకుని శనివారం రాత్రికి చేరేదాన్ని. పోగానే అమ్మ గురించే అడిగేదాన్ని. తిన్నదా, వాంతులయ్యాయా, రక్తం ఎంతుంది? రిపోర్టుల సంచి ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చున్న నాయనను ఎవరూ ఏమీ అడగలేదు. కూతుర్నయ్యుండి నేనూ అడగలేదు.

మూడో వారంలో స్టాఫ్ నర్సు అక్క ఫోన్ చేసింది. "అమ్మ బానే ఉంది తల్లీ. మీ నాయన సంగతి చూసుకోండి" అంది. భోజనం అమ్మకు పెట్టి తను తినడం లేదట. కాగితం మీద సంతకం పెడుతుంటే చెయ్యి వణికిందట. కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నట్టు నిలబడి ఏడుస్తుంటే ఆమె రెండుసార్లు చూసిందట. బీపీ మాత్రలు ఎప్పుడో ఆపేశాడు. నేను పోయి అడిగితే, "మీ అమ్మకన్నా ముందు నేను పోతే బాగుంటది" అన్నాడు. నాకు కాళ్లాడలేదు.

మానసిక వైద్యం ఓపీకి తీసుకుపోయింది కూడా ఆ అక్కే. నాయన రానన్నాడు, "నాకేమన్నా పిచ్చా?" అని. "బీపీ చూపించుకోవా? ఇదీ అంతే పెద్దాయనా" అని చెయ్యి పట్టుకుని నడిపించింది.

అక్కడి డాక్టరమ్మ తొందరపడకుండా విన్నారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. నాయన అమ్మకు జబ్బు పేరు చెప్పలేదు, గర్భసంచిలో పుండు అన్నాడు. అమ్మకేమో పక్క మంచం ఆమె మాటల్లో ఎప్పుడో తెలిసిపోయింది. నాయన తట్టుకోలేడని తెలియనట్టే ఉంది. ఇరవై రోజులు ఒకరి ముందు ఒకరు అట్లనే ఉన్నారు. డాక్టరమ్మ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించారు. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు. ఆ రాత్రి నాయన రెండు జొన్న రొట్టెలు తిన్నాడు.

మాత్రలు రాశారు, మాకూ గట్టిగా చెప్పారు: ఒక్క మనిషి మీదే వదిలేయొద్దు, మార్చి మార్చి ఉండండి, ఆయన్ని నాలుగు రోజులు ఊరికి పంపండి. తమ్ముడు బెంగళూరు నుంచి వచ్చి వారం ఉన్నాడు. రాత్రిపూట గుబులైతే చేయమని 14416 నంబరు ఇచ్చారు. టెలీ మానస్ అని, 2022లో మొదలైన ప్రభుత్వ సేవ. రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. జబ్బు ఉన్నవాళ్లే చేయాలని లేదు. నిద్ర పట్టక నేనూ రెండుసార్లు చేశాను. ఆసుపత్రి వరండాల్లో కూర్చున్న వాళ్లెవరైనా మీకు తెలిసుంటే ఈ నంబరు ఇవ్వండి.

ఇక ఊరి వాళ్లు. మా ఎర్రగడ్డలు పీకించి, కోయించి, సంచులకెత్తి కర్నూలు మార్కెట్ యార్డుకు తోలింది మా చిన్నాయన, పక్క చేని అన్నలు. కూలీల లెక్క రాసిన చీటీతో సహా డబ్బులు తెచ్చి నాయన చేతిలో పెట్టారు. బర్రెను చూసుకున్న పెద్దమ్మకు దండాలు. అమ్మ ఇంటికొచ్చాక కొందరు గడప దగ్గరే నిలబడి పలకరించి పోయారు, అంటుకుంటుందేమోనని. ఎదురింటి వదిన నేరుగా లోపలికొచ్చి, అమ్మ తాగిన చెంబుతోనే నీళ్లు తాగి, మంచం మీద కూర్చుని తల దువ్వింది. ఆ జబ్బు అట్లా అంటుకోదని డాక్టర్లు చెప్పిన దానికన్నా, వదిన చేసింది చూసే మా అమ్మ మొహం తేటపడింది.

నర్సు అక్కా, నీ పేరు ఇక్కడ రాయొద్దన్నావు, రాయలేదు. వచ్చే చెకప్‌కు నాయన నీకోసం ఒక మూట ఎర్రగడ్డలు తెస్తున్నాడు. మంచివి ఏరి ఇప్పటికే పక్కన పెట్టాడు. వద్దనకు.